భోజన్న వంతు

నిజామాబాద్

గౌరవనీయులైన విష్ణు గారికి,

కోటగిరి దగ్గర మీరు కొన్న బంగళా, పన్నెండెకరాల హద్దుల పటం ఇంకో ప్రతి కావాలన్నారు. జతపరుస్తున్నాను. కొలతల్లో తప్పు లేదు. బావి మీ హద్దులోనే ఉంది.

అయితే ఆ బావి నీళ్లు వారానికి రెండు రోజులు పక్క పొలం భోజన్నవి. తాతల నాటి వంతు అది, ఏ కాగితం మీదా లేదు. కొలిచిన రోజు టేపు రెండో కొస పట్టుకున్నది ఆయనే. బావి మీ హద్దు గీత లోపల పడుతోందని నేను హెచ్చరిస్తే నవ్వాడు. "పడనీయుండ్రి సార్, గీత గీస్తె నా వంతు ఏడికి పోతది?"

ఆ మాట అప్పుడే మీకు చెప్పవలసింది. పటం గీయడం వరకే నా పని అనుకున్నాను. మీరు గేటుకు తాళం వేసి ఈత కొలను నింపుకున్నారు. ఆయన రెండెకరాల పసుపు ఎండిపోయింది.

వారానికి రెండు రోజులు ఆ తాళం తీయమని అడగడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇంతలో ఆయనే వచ్చాడు. "నాది గూడ కొల్వుండ్రి సార్, గా బంగ్లాయనకే అమ్ముత" అన్నాడు.

సోమవారం కొలుస్తాను. టేపు పట్టడానికి మీరు మనిషిని పంపనవసరం లేదు. భోజన్నే పట్టుకుంటానన్నాడు.

ఇట్లు,
మీ సర్వేయర్