నాచారం షెడ్డులోని తెరచాప పడవ

ఏమండీ,

మీరు వెళ్ళి ఎనిమిది నెలలైంది. బాగున్నారా అని అడగాలనే ఉంది. కానీ ముందు నా కోపం తీరాలి...

ఏ డబ్బాలో ఏముందో ఒక్కదాని మీదైనా రాసిపెట్టకపోతే ఎలా అండీ? మీ పడవకు చుక్కాని బిగించే బోల్టుల కోసం నేనూ మన అమ్మాయి శ్రావణీ కలిసి, మీ స్నేహితుడు యాదగిరి షెడ్డంతా గాలించాం. చివరికి ఎక్కడ దొరికాయో తెలుసా? మన వంటింట్లో, ఇంగువ డబ్బాలో! అక్కడికెలా వచ్చాయి? ఎవరినడగను...

ఆ పడవ కట్టిన నాలుగేళ్ళూ మీది ఒకటే మాట. "ఫికర్ జెయ్యకు సుజాతా, ఇంగ రెండు వారాల పనే. నీళ్ళల్ల దించుదాం." సాయంత్రం ఉప్పల్ నుంచి స్కూటర్ మీద నాచారం వెళ్ళి, ఒళ్ళంతా ఫైబర్ పొడితో వచ్చేవారు. ఆ రోజూ అలాగే వచ్చి, చేతులు కడుక్కుని, టీ అడిగి కుర్చీలో కూర్చున్నారు. నేను గ్లాసు తెచ్చేసరికి...

ఆ పడవ జోలికి పోకూడదనే అనుకున్నాను. కానీ యాదగిరి షెడ్డులోకి కొత్త లేత్ మిషన్ వస్తోంది. ఆయన తప్పేం లేదు, ఇన్నాళ్ళూ ఊరికే చోటిచ్చాడు. పాత సామాను కొనే మనిషిని పిలిపించాడు. ఆ మనిషి పడవ చుట్టూ తిరిగి, ట్రాలీలో పట్టదు, రెండు ముక్కలుగా కోసి పట్టుకుపోతానన్నాడు.

నాకేమైందో తెలియదు. "ముట్టుకోకు!" అని అరిచాను. యాదగిరి బిత్తరపోయి, "మరి దీన్ని ఏం జేస్తవ్ వదినా?" అన్నాడు. నీళ్ళలో దించుతానన్నాను. పడవకు ముందేదో వెనకేదో తెలియని నేను!

మిగిలింది చిన్న పనే అనుకున్నాం. లోపల నీళ్ళు పోసి చూస్తే, పడవ ఒరగకుండా నీళ్ళలోకి పలక దించే నడిమి చీలిక దగ్గర బొట్లు బొట్లుగా కారింది. శ్రావణి రెజిన్ జిగురు కలిపి పూసింది. వాన చెమ్మకు అది ఆరనేలేదు, బెల్లంపాకంలా అంటుకుంది. గీకేశాం. రెండోసారి గట్టిపడే మందు ఎక్కువై, పూయకముందే గిన్నెలో పొగలొచ్చి రాయైపోయింది. చేతులంతా దురద. శ్రావణి నా మీద, నేను మీ మీద, ఇద్దరం కలిసి, ఆరబెట్టడానికి పెట్టిన యాదగిరి ఫ్యాను మీద అరిచాం. మీరు పనిచేస్తూ పాటలు పాడేవారట, ఆయన చెప్పాడు. ఇందులో పాటకు చోటెక్కడుందండీ?

మూడోసారికి పట్టింది.

నిన్న పొద్దున డీసీఎం వ్యాను మాట్లాడి పడవను ఎక్కించాం. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర బస్సులో వాళ్ళంతా కిటికీల్లోంచి తొంగిచూశారు. హుస్సేన్ సాగర్ ఒడ్డున దించాక, చిన్నప్పుడు మీరు పడవ నడపడం నేర్పిన ధైర్యంతో శ్రావణి చుక్కాని పట్టుకుంది. లైఫ్ జాకెట్ వేసుకుని నేనూ ఎక్కాను. తెరచాప ఎత్తాం. కదిలిందండీ! కదిలి, ఒడ్డుకు దూరంగా వెళ్ళాక... గాలి ఆగిపోయింది. ఇంత చాకిరీ చేస్తే, తెరచాప తడి దుప్పటిలా వేలాడుతోంది. తెడ్డు చూస్తే డీసీఎంలోనే మరిచిపోయాం. శ్రావణికి ఏడుపొక్కటే తక్కువ.

ఏం చెయ్యాలో తోచక, వంగి పడవ అడుగున చెయ్యి పెట్టాను. పొడిగా ఉంది. మూలమూలా తడిమాను. చుక్క నీళ్ళు లేవు. ఆ మాట శ్రావణికి చెప్దామని తలెత్తాను. మీరు పోయాక, వచ్చిపోయే వాళ్ళ మధ్య ఏడవలేకపోయిన ఏడుపంతా అక్కడ ఏడ్చాను...

అది చూసి శ్రావణి వచ్చి నా పక్కన కూలబడింది. పడవ ఒక్కసారిగా ఒరిగింది. "అమ్మా, అటు జరుగు, మునుగుతం!" అని ఏడుస్తూనే అరిచింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఎంతసేపటికో మోటారు బోటు వాళ్ళు తాడు కట్టి ఒడ్డుకు లాగారు.

కోపం మాత్రం పోలేదండీ. మీరుండగా ఎందుకు కాలేదిది? మీరు కూర్చోవలసిన చోట నేనెందుకు కూర్చున్నాను?

శ్రావణి నాకు చుక్కాని పట్టడం నేర్పుతానంటోంది. నీళ్ళంటే భయమే. అయినా నేర్చుకుంటాను. వచ్చే ఆదివారం గాలి ఉన్నా లేకున్నా వెళ్తాం. తెడ్డు మాత్రం మరిచిపోను.

మీ
సుజాత