నాయన నోట గ్రీకు మాట

మంగళవారం, పెరంబూరు

పక్షవాతం వచ్చినప్పటి నుంచి నాయన నోట ఒక్క మాట రాలేదు. అమ్మ పేరు కూడా.

సాయంత్రం ఎప్పటిలాగే ఆయన పక్కన కూర్చుని ల్యాప్‌టాప్‌లో ప్రాచీన గ్రీకు పాఠం పెట్టుకున్నాను. ఆ ప్రోగ్రాం ఒక మాట పలికి, మనం తిరిగి చెప్పడానికి కాసేపు ఆగుతుంది. "థలస్స" అని ఆగింది. నేను నోరు తెరిచేలోపే పక్క నుంచి, "థ... లస్స."

నాయన! మళ్లీ నొక్కాను. ఈసారి ఇంకా స్పష్టంగా అన్నాడు. ఎన్ని తరాల కిందటి, ఏ తీరపు మాటో, మా ఇంట్లో, నాయన గొంతులో!

అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏమన్నాడే మీ నాయన?"

"సముద్రం అన్నాడమ్మా. గ్రీకులో."

"నాయనా, నీళ్లు అను," అని బతిమాలాను. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఎన్నడూ నేర్వని మాట పలికిన నోటికి పుట్టినప్పటి నుంచి ఉన్న తెలుగు ఎందుకు అందడం లేదో... డాక్టరునడగాలి.

అమ్మ మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చుంది. "తెలుగు వచ్చినప్పుడు వస్తాదిలేమ్మే. ముందు నాకూ అది నేర్పు. తలసా..."

నాయన ఆమె ముఖంలోకి చూశాడు. "థలస్స," అని దిద్దాడు.