పొద్దుతిరుగుడు చేనూ, ఊదారంగు పెయింటూ

బెంటన్‌విల్,
సెప్టెంబర్, ఆదివారం.

నిశాంత్‌కి,

పూజిత రాస్తున్నది. నేనిక్కడ బాగున్నాను. నా బూట్లు మాత్రం బాగాలేవు, వాటి సంగతి తర్వాత చెప్తాను. సన్నీవేల్‌లో నువ్వూ, బాల్కనీలో నీ కరివేపాకు మొక్కా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మొగుడూ పెళ్లాలం ఫోన్ చేసుకుంటే హలో అన్న కాసేపటికే పోట్లాటలోకి దిగుతున్నాం, ఉత్తరాలు రాసుకుందామన్నది నీ ఐడియానే. మంచి ఐడియా. ఉత్తరంలో నువ్వు నా మాటకి అడ్డు రాలేవు.

నీ ప్రశ్నలకి జవాబులు రాస్తాను. నిన్న గిరిజ గారితో వెళ్లి, నువ్వు కొందామంటున్న నీ కలల పొలం చూసొచ్చాను. ఇక్కడి తెలుగువాళ్లలో సగం మందికి ఇళ్లు చూపించిన ఏజెంట్ ఆవిడ, మాట మహా తియ్యన. కారు దిగగానే గాలి ఎంత ఫ్రెష్‌గా ఉందో చూడమన్నారు. పక్క పొలంలో ఆ పొద్దున్నే కోళ్లఫారం ఎరువు చల్లారు. ఆ వాసన ముందు కళ్లలోకి వెళ్తుంది, తర్వాత వచ్చి నాలుక మీద కూర్చుంటుంది. ఇంటికొచ్చి రెండుసార్లు తలస్నానం చేసినా జుట్టులోంచి పోలేదు. ఆవిడ స్కార్ఫ్ ముక్కుకి అడ్డం పెట్టుకుని మరీ ఫ్రెష్ గాలి గురించి చెప్తూనే ఉన్నారు.

ఈశాన్యంలో నీళ్లున్నాయా అని అడిగావు. ఉన్నాయి, నీ వాస్తుకి ఏ లోటూ లేదు. అదొక కుంట. పైన పచ్చగా మీగడ కట్టి ఉంది. పక్క రైతు ఆవులు అందులో పొట్టలోతు నిలబడి, తాగే పనీ విడిచే పనీ ఒకేసారి కానిస్తున్నాయి. గట్టు మీద చచ్చిన తాబేలొకటి వెల్లకిలా ఉబ్బి ఉంది. సెప్టిక్ ట్యాంక్ ఎటువైపో కూడా కనుక్కోమన్నావు. అడగాల్సిన అవసరం రాలేదు. పొలంలో ఉన్న ఇంటి వెనక నడుస్తుంటే ఒకచోట కాలు మెత్తగా దిగిపోయింది. బూట్ల సంగతి అదే.

కుళాయి తిప్పితే కుళ్లిన కోడిగుడ్డు వాసన. మినరల్స్ ఎక్కువమ్మా, ఒంటికి మంచిది అన్నారు గిరిజ గారు. ఓ గ్లాసు పట్టి ఇవ్వబోతే మాత్రం కార్‌లో బాటిల్ ఉందన్నారు. గడ్డిలో చిగ్గర్స్ అని కంటికి ఆనని పురుగులుంటాయి, సాక్సు అంచు దగ్గర మొదలుపెట్టి నడుం దాకా దద్దుర్లు తెప్పిస్తాయి. పిడుదులైతే చెప్పక్కర్లేదు. ఒకటి చెవి వెనక దొరికింది, ఒకటి బొడ్డులో. బొడ్డులోదాన్ని ట్వీజర్స్‌తో పీకుతున్నప్పుడు నువ్వు రాసిన 'ప్రకృతి ఒడి' గుర్తొచ్చింది.

ఆవుని పెంచుకోవచ్చా, పొద్దున్నే గుమ్మపాలు తాగొచ్చా అని కూడా అడిగావు. మీగడ తరక తేలితే వడగట్టుకుని తాగే మనిషివి. ఆ పాలు ఎక్కణ్ణుంచి, ఏ తోక విసురుల మధ్యనుంచి వస్తాయో దగ్గర్నుంచి చూశావంటే కాఫీ కూడా మానేస్తావు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. అంత ప్రశాంతమైన చోట తుపాకీ పట్టుకుని పిట్టల్ని కాల్చడానికి అసహ్యం వెయ్యదా అని రాశావు. వేస్తుంది నిశాంత్. ఈ నెల మొదటి శనివారం గువ్వల వేట సీజన్ మొదలైంది. ఎండలో బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాను. నా పక్కనాయన పొగాకు నమిలి ఖాళీ కోక్ బాటిల్లో ఉమ్ముతున్నాడు. నా కోక్ బాటిల్ కూడా ఆ పక్కనే ఉంది. మూత తీసి నోటి దాకా తెచ్చాక చూసుకున్నాను, అది ఆయనది. పిట్టల్ని తెచ్చే కుక్క ఏదో కుళ్లిన దానిమీద పొర్లి వచ్చి, తిన్నగా నా కారెక్కి పడుకుంది. తర్వాత ఈకలు పీకడం, రొమ్ము కింద వేలు పెట్టి చీల్చడం. లోపల ఇంకా వెచ్చగా ఉంటుంది. కాల్చినవాళ్లే శుభ్రం చెయ్యాలి, శుభ్రం చేసినవాళ్లే తినాలి, ఇక్కడ అదే పద్ధతి. మొదటిసారి కంచె దగ్గరికెళ్లి వాంతి చేసుకున్నాను. ఇప్పుడు చేసుకోను, కానీ అసహ్యం పోలేదు. అయినా మళ్లీ శనివారం ఎప్పుడొస్తుందా అని చూస్తాను. ఎందుకంటే చెప్పలేను. నువ్వు ఆ కంపు తీసేసి పల్లెటూరిని ప్రేమిస్తున్నావు. నాకు ఆ కంపుతో పాటే కావాలి.

గువ్వ గొంతు సంచి చీలిస్తే లోపల ఏముంటాయో తెలుసా? పొద్దుతిరుగుడు గింజలు. అవి ఏ చేనివో చెప్పడానికే ఇంతసేపూ తంటాలు పడుతున్నాను.

నువ్వు ఫోన్ స్క్రీన్ మీద పెట్టుకున్న ఫొటో ఉంది చూడు, గిరిజ గారు జూలైలో తీసింది, పొలమంతా పచ్చగా పూసిన పొద్దుతిరుగుడు. ఆ గింజలు ఆ చేనివే. దాని ఓనర్ డేల్ ఆ పూలని అందం కోసం వెయ్యలేదు, నూనె కోసమూ కాదు. గువ్వలు దిగాలని వేశాడు. మేలో ట్రాక్టర్ నడిపి ఆ గింజలు నాటింది నేను. ఆగస్టు చివర్లో చేను వరసలు వరసలుగా కోసి పడేసింది కూడా నేనే, గింజలు నేలమీద రాలాలని. నేను శనివారాలు వెళ్తున్నానని నీకు చెప్పిన 'ఒక పెద్దాయన పొలం' అదే. నిన్న గిరిజ గారితో కొత్తదాన్లా వెళ్లి, నాకు ప్రతి గుంతా తెలిసిన చోట దారి అడుగుతూ తిరిగాను.

అమ్మకానికి పెట్టారని నువ్వు లింక్ పంపినప్పుడే నీకు చెప్పాల్సింది. కానీ ఆ రోజే ఫోన్‌లో నువ్వన్నావు, కొన్న మొదటి రోజే, ఇక మన పొలంలో వేటన్నదే లేకుండా, సరిహద్దు చెట్లన్నిటికీ ఊదారంగు పెయింట్ వేయిస్తానని. ఇక్కడ చెట్టుకి ఊదా గీత ఉంటే లోపల ఎవరూ అడుగుపెట్టకూడదు, తుపాకీతో అసలే కూడదు. నా శనివారాలు పోతాయని భయమేసింది. అందుకే పైన అదంతా రాసుకొచ్చాను, నువ్వు అసహ్యపడి వద్దంటావని. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కాకపోతే కంపు కొట్టే నిజాలే ఏరి ఏరి రాశాను.

నిన్న మేం కారు దిగగానే డేల్ కుక్క పరిగెత్తుకొచ్చి నా మీదకెక్కి మొహమంతా నాకింది. కుక్కలకి నువ్వంటే ఎంత ఇష్టమో అని గిరిజ గారు మురిసిపోయారు. డేల్ వరండాలోంచి నన్ను ఎరగనట్టే తలూపాడు. ఆవిడకి ఫోనొచ్చి పక్కకెళ్లాక దగ్గరికొచ్చాడు.

"మీ ఆయనకి చెప్పలేదు కదూ" అన్నాడు.

లేదన్నాను. ఇంకొక బిల్డర్ కూడా అడుగుతున్నాడట. డేల్‌కి మోకాళ్లు పనిచెయ్యడం లేదు, కూతురి దగ్గరికి వెళ్లిపోవాలి, ఎవరికో ఒకరికి అమ్మక తప్పదు.

"బిల్డర్ ఇందులో ఎన్ని ఇళ్లు పడతాయని అడిగాడు. మీ ఆయన ఒక్కడే, ఈ పూలు వచ్చే ఏడాది కూడా పూస్తాయా అని అడిగించాడు. నేనింకా జవాబు చెప్పలేదు. అది నువ్వు చెప్పాలి" అన్నాడు.

అది విని కూడా ఈ ఉత్తరం అలాగే మొదలుపెట్టాను, ఇక్కడిదాకా రాశాక సిగ్గేసింది. పురుగుల మీదా పెంట మీదా పడ్డ అసహ్యమంతా ఒక్కసారి నా మీదకే తిరిగింది. నిన్ను భయపెట్టి ఆ పొలం నిలబెట్టుకుందామనుకున్నాను. నువ్వు వద్దంటే అక్కడ గువ్వలూ ఉండవు, పూలూ ఉండవు, వరసగా గరాజ్ తలుపులుంటాయి.

అందుకని జవాబు రాస్తున్నాను. పూస్తాయి, ఎవరైనా నాటితే. వాటంతట అవి రావు.

ఈ ఉత్తరం రేపు ఓవర్‌నైట్ మెయిల్లో వేస్తాను. గిరిజ గారికి ఆపై సోమవారం లోపల మాట చెప్పాలి. నువ్వు శుక్రవారం ఫ్లైట్ బుక్ చేసుకుని రా. పాత బూట్లు తెచ్చుకో. శనివారం పొద్దున్నే ఆ చేనుకి వెళ్దాం. నీకొక బకెట్, నాకొక బకెట్. తుపాకీ ఇంట్లో పెట్టి వస్తాను. కోళ్లఎరువు వాసన పీలుస్తూ, గువ్వలు దిగడం చూద్దాం. ఊదారంగు పెయింట్ కొని గరాజ్‌లో పెట్టాను, మూత తియ్యలేదు. అదంతా చూశాక కూడా గీతలు పెట్టాల్సిందేనంటే డబ్బా నేను పట్టుకుంటాను, నువ్వు వెయ్యి. ఏడుస్తానేమో, పట్టించుకోకు.

కానీ మేలో గింజలు మాత్రం ఇద్దరం కలిసి నాటుదాం. ఎందుకు నాటామో గువ్వలకి తెలీదు కదా.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తూ,
నీ భార్య
పూజిత