నల్ల అంచు

వెంకటేశులన్నకు తమ్ముడు తిరుపాల్ రాసేది. కార్డు అంచున నలుపు చూసి వదిన ఏడుపు మొదలుపెడుతుందేమో, ఇది మసి పూసిన చావు కార్డు కాదు, మడ బురద. నేనూ నీ మరదలు హులిగమ్మా బాగానే ఉన్నాము. ఫోను ఉప్పునీళ్లలో పడి చెడిపోయింది.

కృష్ణ సముద్రంలో కలిసే ఈ చోట మడచెట్లు నాటే కూలి దొరికింది. మునక్కాయల్లా పొడుగ్గా ఉండే కాయల్ని బురదలో గుచ్చుతాము. అవి ఉప్పులోనే పచ్చగా లేస్తాయి. నువ్వు అడిగినట్టే, ఉప్పు తేలి సౌడు పట్టిన మన చేనికని హులిగమ్మ నాలుగు కాయలు కొంగున కట్టుకుంది. మేస్త్రీ నాంచారమ్మ చూసింది గానీ తిట్టలేదు.

"ఉప్పు ఒక్కటే ఉంటే బతకదమ్మా. రోజూ పోటు వచ్చి కడిగితేనే బతుకుద్ది. మీ ఊళ్లో సముద్రం ఉందా?" అంది.

"సముద్రం యాడిదక్కా, మాకు తాగనీకే నీళ్లు లేవు" అని హులిగమ్మ కొంగు విప్పి ఆ కాయల్ని ఆడనే గుచ్చేసింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఈ కాయల కోసం చేన్లో గుంతలు తవ్వడం ఆపు. నీ నడుము నొప్పి ఎట్లుంది? గౌరి బడికి పోతోందా? దాన్ని హాస్టల్లో చేర్చి, ఎద్దును ఎమ్మిగనూరు సంతకు తోలు. ఇంకో ఇద్దరికి పని ఉందట, నువ్వూ వదినా బయలుదేరండి. వదినకు దండాలు, గౌరికి దీవెనలు.

చావు కార్డు కాదని పైన రాశాను. మన చేనికి మాత్రం ఇది అదే. చదివినాక ఇంట్లో ఉంచొద్దు, చింపెయ్.