రెండు రైట్లు

2024 ఫిబ్రవరి 11, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి తమ్ముడు నెహెమ్యా వాకిట్లో కూర్చోనుండాడు. ఫోన్లో బిట్‌కాయిన్ కొన్నాడంట. ఫోను పోయినా పన్నెండు ఇంగ్లీషు మాటలు వరసగా కొడితే దుడ్లు తిరిగొస్తాయంట. కాగితమైతే చెదలు తింటాయి, నువ్వు నేర్చుకో అక్కా అన్నాడు. పొడుగు కీర్తనలే చూడకుండా చెప్తావు, ఇవి నీకొక లెక్కా అని నవ్వినాడు.

వాడు చెప్తాంటే నేను వల్లించినా. రివర్. ఆనియన్. రైట్. ఇంకా తొమ్మిది.

రోజూ ప్రార్థనలో, ఆమెన్‌కు ముందర చెప్పుకుంటా. దేవుడు ఏమనుకుంటాడో.

2025 జూలై 22

బేతంచెర్లలో, బండల పాలిష్ ఫ్యాక్టరీలో నెహెమ్యా పడిపోయినాడు. పక్షవాతం. కుడి చెయ్యి పోయింది. మాట పోయింది. ఫోను నీళ్ల తొట్టిలో పడింది.

జూలై 30, కర్నూలు ఆసుపత్రి

మాట రావాలంటే నెలల తరబడి స్పీచ్ థెరపీ చేయించాలంట. ఉన్న దుడ్లన్నీ ఆ బిట్‌కాయిన్‌లోనే ఉండాయని మరదలు ప్రేమజ్యోతి ఏడ్చింది. నేను మాటలు చెప్పినా. తన ఫోన్లో కొట్టింది. తప్పంట. యాడ తప్పో ఫోను చెప్పదంట. మళ్లీ చెప్పినా. మళ్లీ తప్పు.

ఒకటన్నా మర్చిపోయింటావులే వదినా అనింది.

మర్చిపోలేదు.

జూలై 31

పొద్దన్నుంచి ఆ పన్నెండు మాటలే వల్లిస్తాండా.

ఆగస్టు 2, మధ్యాహ్నం

వానికి ఎంత అర్థమవుతాదో చెప్పలేమన్నాడు డాక్టరు. అయినా మంచం పక్కనే కూర్చోని చెప్పినా. జ్యోతి ఒక్కో అక్షరం పైకి చదువుతా కొడతాంది. రైట్ అన్నా. ఆర్, ఐ, జి అనింది. నెహెమ్యా ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. ఏమప్పా, తప్పా అన్నా. వేళ్లు కలిపి దుప్పటి మీద గీకినాడు. పెన్ను అడుగుతాండాడేమో అని ఇచ్చినా. విసిరేసినాడు. మళ్లీ అదే గీకుడు.

జ్యోతికి తట్టింది. ఇది కుడి రైటు కాదు వదినా, రాసే రైటు అని అరిచింది. ఆసుపత్రా, సంతా అని నర్సు వచ్చి తిట్టింది.

రైట్లు రెండుండాయని నాకేం తెలుసు. చెవికి ఒకటే.

ఆ రైటు కొడితే ఖాతా తెరుచుకునింది. జ్యోతి ఫోను చూస్తాంది. నేను తమ్మున్ని చూస్తాండా. వానికి అంతా అర్థమవుతాంది.

సెప్టెంబరు 9

థెరపీలో ఎడమ చేత్తో పలక మీద రాయిస్తాండారు. ఈ పొద్దు నా పేరు రాసినాడు. సంతోషమ. మకు వత్తు మర్చిపోయినాడు.

నేను దిద్దలేదు.