పదకొండు బారలు

సీతన్నలాకులు,
16 నవంబరు 2024, శనివారం.

ప్రియమైన నాన్నగారికి,

మీ దీవెన వందనాలు. అన్నయ్య, వదిన, పిల్లలు కులాసాయే అనుకుంటాను. ఫోనులో మాట్లాడితే మీకు సగం మాటలే వినబడతాయని నేనెప్పుడూ ఉత్తరమే రాస్తాను. ఈసారి మీకు పూర్తిగా వినబడినా సరే, ఇది ఫోనులో చెప్పగలిగే సంగతి కాదు.

రెండు వారాలుగా నా వీడియో ఒకటి అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. అన్నయ్య చూశాడు, వదిన చూసింది. మీకు చెప్పొద్దని వాళ్ళని బతిమాలుకున్నది నేనే. మూడో మనిషి నోటి ద్వారా మీకు తెలిసేలోపు నేనే చెబుదామని కూర్చున్నాను.

మా హైస్కూలుకి గోదావరి మధ్యనున్న లంక నుంచి నలభై మంది పిల్లలు రోజూ పడవ మీద వస్తారని మీకు తెలుసు కదా. ఆగస్టులో నీరు ఎక్కువగా ఉన్నప్పుడు ఒక ఉదయం పడవ ఒరిగి నలుగురు ఆడపిల్లలు నీళ్ళలో పడ్డారు. పడవవాళ్ళు జుట్టు పట్టుకుని లాగబట్టి బతికారు. తడిసిన బట్టలతోనే వాళ్ళు నా గ్రౌండులోకి వచ్చి నిలబడ్డారు. వ్యాయామం టీచర్ని, కాలవ లాకుల దగ్గర మీ చేతుల్లో ఈత నేర్చుకున్నదాన్ని, తొమ్మిదేళ్ళుగా వీళ్ళకి కబడ్డీ, ఖోఖో నేర్పుతున్నాను గానీ బతకడానికి కావలసింది నేర్పలేదు. హెడ్మాస్టరు సత్యప్రసాద్ గారిని అడిగి, నీటి వాలు తగ్గగానే బడి వెనక కాలవ రేవులో పన్నెండు మందికి ఈత నేర్పడం మొదలుపెట్టాను.

అందులో వెంకటదుర్గ అని ఎనిమిదో తరగతి పిల్ల. పడవలోంచి పడ్డ నలుగురిలో ఒకతె. వెల్లకిలా తేలడం వచ్చింది, కాళ్ళు కొట్టడం వచ్చింది, కానీ మెట్టు దగ్గర ఉన్న ఇనుప కడ్డీ మాత్రం వదలదు. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు, గురువారం సాయంత్రం, ఏడుస్తున్నా వినకుండా దాని వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి నీళ్ళలోకి తోసేశాను. నేను పక్కనే నడుము లోతులో ఉన్నాను. పిల్ల మునిగింది, మరుక్షణం పైకి తేలింది, పదకొండు బారలు ఈది పక్క రేవు మెట్టు అందుకుంది. నేను లెక్కపెట్టాను.

అవతలి గట్టు మీద ఎవరో బండి ఆపుకుని ఫోనులో తీశారు. పందొమ్మిది సెకన్ల వీడియో. పిల్ల తల నీళ్ళలో మునగడంతో అయిపోతుంది. ఎవరిదో ఒక పేజీలో ‘పసిపిల్లని కాలవలోకి తోసేసిన టీచరమ్మ’ అని పెట్టారు. రెండు రోజుల్లో నాలుగు లక్షల మంది చూశారట.

నాన్నగారూ, కింద జనం రాసినవి చదవకుండా ఉండాల్సింది. చదివాను. దొరికితే నన్నూ అలాగే తొయ్యాలన్నారు. మన పన్నులతో ఇలాంటివాళ్ళకి జీతాలా అన్నారు. పిల్ల చనిపోయిందట అని ఒకరు రాస్తే, దాని కింద రెండొందల మంది సంతాపం తెలిపారు. ఆ సమయానికి దుర్గ నా కళ్ళ ముందు రిలే పరుగు ప్రాక్టీసు చేస్తోంది. నా పేరు ఎవరో పట్టుకున్నారు. ఇక అక్కణ్ణించి మాట మతం మీదికి వెళ్ళింది, తరవాత నేను వేసుకున్న ట్రాక్ సూటు మీదికి వెళ్ళింది. అది ఏ కాలవ అన్నదాని మీద ఇద్దరు పెద్దమనుషులు గంటసేపు తిట్టుకున్నారు. నా పాత విద్యార్థులు కొందరు మా టీచరు అలాంటిది కాదని రాస్తే, వాళ్ళనీ వదల్లేదు. స్టాఫ్ రూములోకి అడుగుపెడితే మాటలు ఆగిపోతున్నాయి. మీ అల్లుడుగారు పట్టించుకోవద్దంటారు. ఆయన కూడా నేను చూడనప్పుడు చదువుతున్నారు.

అసలు చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు. నేను ఏ తప్పూ చెయ్యలేదని అందరితోనూ అంటున్నాను. మీతో అనలేను. ఆ సాయంత్రం నాకు విసుగొచ్చింది. మిగతా పదకొండు మందీ ముందుకు వెళ్ళిపోతుంటే ఈ ఒక్కతీ నన్ను ఆపేస్తోందని కోపం వచ్చింది. ఆ వేళ్ళు విడదీసింది నేర్పడానికి కాదు, కోపంతో. అది బాగా ఈదింది కాబట్టి నా కోపం కప్పబడిపోయింది. వేలమంది తిట్టిన తిట్లలో ఈ సంగతి ఒక్కరికీ తెలియదనుకున్నాను. నిన్న ఒకటి కనబడింది. త్రిమూర్తులు అన్న ఆయన రాశాడు: ‘టీచరుగారు పిల్ల వేళ్ళనే చూస్తున్నారండి. నీళ్ళలో ఉన్నవాళ్ళ మొహం చూడాలి. భయం ఎంతుందో మొహంలోనే తెలుస్తుంది.’ దానికి జవాబిచ్చినవాళ్ళు లేరు. మెచ్చుకున్నవాళ్ళూ లేరు. నాకు మాత్రం అది చదివాక అన్నం దిగలేదు.

ఇకమీదట ఈత నేర్పనని కాగితం రాసివ్వమని హెడ్మాస్టరు గారు అడిగారు. పైనుంచి ఆయన్నీ అడుగుతున్నారు పాపం. వచ్చే శనివారం లోగా ఇవ్వాలి. రాసేశాను. సంతకం పెట్టి సంచిలో ఉంచుకున్నాను. మీరు నేర్పిన విద్యని నేను ఇలా ముగిస్తున్నందుకు క్షమించండి.

మీ కూతురు,
దీవెన


సీతన్నలాకులు,
28 నవంబరు 2024, గురువారం.

ప్రియమైన నాన్నగారికి,

మీ కార్డు పోయిన గురువారం అందింది. రెండే వాక్యాలు రాశారు. ‘కాగితం ఎప్పుడైనా ఇవ్వొచ్చు. ముందు ఆ పిల్ల ఇంటికి వెళ్ళిరా.’ చదవగానే సిగ్గేసింది. నాలుగు వేల మంది ఏమన్నారో చదివాను గానీ ఆ పిల్ల తల్లి ఏమంటుందో అడగలేదు.

శుక్రవారం బడి వదలగానే పిల్లలతో పాటే పడవెక్కాను. దుర్గ వాళ్ళ అమ్మ లోవమ్మ రోజూ పడవ మీద ఏరు దాటి అరటితోటల్లో కూలికి వెళుతుంది. అప్పుడే వచ్చి పొయ్యి అంటిస్తోంది. నన్ను చూసి కంగారుపడి నులకమంచం వాల్చింది. దుర్గని పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పాను. నాకు కోపం వచ్చి అలా చేశాననీ, నీ మొహం చూడకుండా నీ వేళ్ళు విడదీశాననీ, అది తప్పనీ చెప్పాను. ఒక పదమూడేళ్ళ పిల్లకి క్షమాపణ చెప్పడం నాకు కొత్త. దుర్గ తల వంచుకుని, “నాకు చాలా భయమేసింది టీచర్. పైకొచ్చాక మళ్ళీ వెయ్యలేదు,” అంది.

లోవమ్మది బటన్ల ఫోను. వీడియో సంగతి ఎవరో చెప్పారట గానీ చూడలేదట. ఆవిడ పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ ఒక్కటే అడిగింది.

“పదకొండు బారలు ఈదానని మా పిల్ల ఆ రోజు ఇంటికొచ్చి ఊరంతా చెప్పిందండి. ఈ ఏరు దాటాలంటే ఎన్ని కావాలండి?”

వందకి పైనే కావాలన్నాను.

“మరి మిగతావి ఎవరు నేర్పుతారండి, మీరు మానేస్తే?”

నాన్నగారూ, తిరుగు పడవలో సంచిలోంచి ఆ కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాను. గోదావరిలో మాత్రం వెయ్యలేదు, ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేశాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఇంకొక పని చేశాను. ఆ త్రిమూర్తులు ఎవరో కనుక్కున్నాను. మాకు రెండు రేవుల ఎగువన, మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు నడుపుతాడు. అరవై దగ్గర పడిన మనిషి. ముప్పై ఏళ్ళలో నీళ్ళలోంచి ఎంతమందిని బయటికి లాగాడో ఆ రేవంతా చెప్పుకుంటారు. నేనే ఆ టీచర్నని చెప్పగానే ఆయన లేచి నిలబడి చేతులు జోడించాడు. తిట్టడానికి వచ్చాననుకున్నాడు. మీరు రాసింది నిజం, ఎలా నేర్పాలో చెప్పండి అన్నాను. 

“మీరు చదువుతారనుకోలేదండి,” అన్నాడాయన. “అక్కడ అందరూ రాస్తారు గానీ ఎవరూ చదవరు గదండి.”

గురువారం ఆయనకి సెలవు. ప్రతి గురువారం వచ్చి నాతోపాటు నీళ్ళలో దిగుతానన్నాడు. డబ్బు మాట ఎత్తితే కోప్పడ్డాడు.

ఇక సోమవారం జరిగింది వినండి. ఉదయం పడవలోంచి పిల్లలు కాదు, తల్లులు దిగారు. పందొమ్మిది మంది, పనులు మానుకుని. తిన్నగా హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళి, ఈత ఆపొద్దని అడిగారు. నన్నూ పిలిపించారు. ఆయన పాపం తన ఇబ్బంది చెప్పుకున్నారు. వీడియో చూసినవాళ్ళంతా ఏమనుకుంటున్నారో చెప్పారు. లోవమ్మ ఆ వీడియో ఏదో నాకూ చూపించండి అంది. ఆయన తన ఫోనులో పెట్టిచ్చారు. ఆవిడ రెండుసార్లు చూసింది. రెండోసారి అయిపోయాక కూడా ఫోను తిరిగి ఇవ్వలేదు.

“ఇందులో మా పిల్ల పైకి రాలేదేంటండి?”

అక్కడితో ఆపేశారమ్మా అన్నారాయన.

“తరవాతది నేను చూస్తన్నానండి. రోజూ ఇంటికొస్తంది గదా,” అని ఫోను బల్ల మీద పెట్టింది.

 సత్యప్రసాద్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తరవాత షరతులు చెప్పారు: గాలి ట్యూబులు ఉండాలి, అడ్డంగా మోకుతాడు కట్టాలి, ఇద్దరు తల్లులు ఎప్పుడూ మెట్ల మీద ఉండాలి, ప్రతి ఇంటి నుంచీ ఒప్పుకోలు తేవాలి. అక్కడికక్కడే పందొమ్మిది వేలిముద్రలూ సంతకాలూ పడ్డాయి. పైవాళ్ళకి తనే ఉత్తరం రాస్తానన్నారు.

ఈ రోజు గురువారం. త్రిమూర్తులు గారు వచ్చారు. పిల్లలు ఇరవైమంది దాటారు. చేతులు నానిపోయి అక్షరాలు వంకరగా వస్తున్నాయి, సర్దుకుని చదవండి.

మీ కూతురు,
దీవెన


సీతన్నలాకులు,
9 ఫిబ్రవరి 2025, ఆదివారం.

ప్రియమైన నాన్నగారికి,

నిన్న మా పిల్లలు ఏరు దాటారు.

రెండో శనివారం, బడికి సెలవు. పాయ వెడల్పుగా ఉన్నచోట కాదు, లంకకీ మా రేవుకీ మధ్య సన్నగా ఉండే చోట, వంద గజాలకి కొంచెం పైన. ఈ కాలంలో నీరు నిలకడగా ఉంటుంది గానీ నడిమధ్యన రెండు నిలువుల లోతు. చెరో పక్క రెండేసి పడవలు, ట్యూబులు, మోకులు. ముందు పడవలో త్రిమూర్తులు గారు, వెనక పడవలో నేను. ఇరవై ఏడు మంది పిల్లలు మా రేవు మెట్ల మీద బారుగా నిలబడ్డారు. ఇటు గట్టు మీద తిరునాళ్ళలా జనం. అందరి చేతుల్లోనూ ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. అవి చూసి, పిల్లల వైపు తిరిగి నిలబడ్డాను.

ఈసారి నేనెవర్నీ తొయ్యలేదు. ఒక్కొక్కరి ఎదురుగా నిలబడి మొహంలోకి చూశాను. ఇద్దరు ఇంకా సిద్ధంగా లేరు. వాళ్ళని పడవలో కూర్చోమన్నాను. అందులో ఒకతె సగం దూరం వచ్చాక తనే అడిగి దిగింది. రెండోది ఆ పక్కనే దూకింది. త్రిమూర్తులు గారు నా వైపు చూసి నవ్వారు.

దుర్గ అందరికంటే ముందు లేదు. నడుమన ఈదింది. చిన్నపిల్ల ఒకతి అలిసిపోతే దాని పక్కనే వెల్లకిలా తేలుతూ, ఆకాశంలోకి చూడమని చెబుతూ, ఊపిరి అందేదాకా ఆగి మళ్ళీ కదిలింది. నేను నేర్పింది కాదు అది. తనకి తనే నేర్చుకుంది. లంక ఒడ్డున తల్లులు మొదట కేకలు పెట్టారు. పిల్లలు నడిమధ్యకి వచ్చేసరికి అందరూ నోళ్ళు మూసుకుని నిలబడ్డారు. నీళ్ళ మీద చేతుల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. మీరు ఆ ఒడ్డున ఉండి ఉంటే, ఆ చప్పుడు మీ చెవులకి కూడా వినబడేది.

సాయంత్రానికి మళ్ళీ వీడియోలు వచ్చాయి. మొదట నన్ను తిట్టించిన ఆ పేజీలోనే ‘గోదారి బిడ్డల సాహసం’ అని పెట్టారు. పాతది మాత్రం చడీచప్పుడూ లేకుండా తీసేశారు. జనం ఈసారీ రాస్తున్నారు. ఇదంతా ప్రచారం కోసమేనని ఒకరు, ఆడపిల్లలకి ఇవేం పనులని ఒకరు, టీచరుకి దండం పెట్టాలని ఒకరు. మా ఊళ్ళోనూ నేర్పుతారా అని ఆరు లంకల నుంచి ఫోను నంబర్లతో సహా అడిగారు. ఆ ఆరూ కాగితం మీద రాసుకున్నాను. మిగతావి మీ అల్లుడుగారు చదివి వినిపిస్తానంటే, మీరు చదువుకోండి, నాకు నిద్ర వస్తోందన్నాను. నవంబరు నుంచి అంత హాయిగా నిద్రపోలేదు.

లంక ఇసకలో జరిగింది మాత్రం ఏ ఫోనులోనూ లేదు. జనమంతా మా రేవు గట్టునే ఉండిపోయారు. పిల్లలు ఒడ్డెక్కి వణుకుతూ నిలబడితే, సత్యప్రసాద్ గారు పడవ దిగి, ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని, చొక్కా జేబులోంచి పేర్ల కాగితం తీశారు. నీళ్ళలో దిగినవాళ్ళందరూ పైకి వచ్చారో లేదో తనే చూసుకుంటానన్నారు. బళ్ళో పిలిచినట్టే ఒక్కొక్క పేరూ పిలిచారు. జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా ఒక్కొక్కరూ ‘ప్రెజెంట్ సార్’ అన్నారు. దుర్గ పేరు పిలిచినప్పుడు ఆయన కాగితంలోంచి తలెత్తి చూశారు. ఇరవై ఏడు పేర్లకీ ఇరవై ఏడు గొంతులు పలికాయి. ఆయన కాగితం మడిచి లోపల పెట్టుకోబోతుంటే, వెనక తల్లుల గుంపులోంచి లోవమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని ముందుకొచ్చింది.

“నా పేరు కూడా రాసుకోండి మాస్టారూ. రోజూ పడవెక్కేది నేనూ గదండి,” అంది.

ఆయన నా వైపు చూశారు. నేను తలూపాను. ఆయన పెన్ను తీసి ఇరవై ఎనిమిదో పేరు రాశారు. రాస్తుండగానే ఆవిడ వెనకాల ఇంకో ఎనిమిది మంది వరసలో నిలబడ్డారు.

మీ కూతురు,
దీవెన