మూడో కన్నం

నవంబర్ 20

(ఈ నాలుగు ముక్కలు డిసెంబర్ 8న పైన చేర్చాను.) ఇది ఎవరైనా చదువుతుంటే, ముందు నిన్నే అంటున్నాను. మీ అటక మీద ఏముందో నీకు తెలుసు. తెలియనట్టు నటిస్తావు. అమెరికా బానిసల సినిమా చూసి కళ్ళు తుడుచుకుంటావు. అటక వైపు మాత్రం తలెత్తవు.

బానిసత్వం మీద ఉమ్మడి పాఠం ఖాయమైంది. తాడేపల్లిగూడెంలో సోషల్ చెప్పే నేను, ఆకివీడులో తెలుగు చెప్పే హెప్సిబా. మా బడిలో ఎగ్జిబిషన్ పెట్టి, రెండు బళ్ళ పిల్లల్నీ కూర్చోబెడతాం. ఇళ్ళల్లో పాత వస్తువులుంటే తెమ్మన్నాం.

నవంబర్ 28

అట్టతో ఓడ చేశాం. నల్లకాగితంతో సంకెళ్ళు. బాగా కుదిరాయి.

ఎనిమిదో తరగతి హారిక వాళ్ళ అటక మీంచి ఓ బరువైన కొయ్య తెచ్చింది. రెండు చెక్కలు, కలిపితే మధ్యలో మూడు కన్నాలు, చివర ఇనుప గొళ్ళెం. మూడో కన్నం చిన్నది. దూడ పాలు తాగేయకుండా మెడకి పెట్టేదని వాళ్ళ తాత గంగరాజు గారు చెప్పారట. ‘దూడకొయ్య’ అని చీటీ రాసి, వ్యవసాయ పనిముట్ల బల్ల మీద పెట్టాను.

డిసెంబర్ 2, సాయంత్రం

ఇవాళ పాఠానికి ఆకివీడు పిల్లల్ని తీసుకొచ్చిన హెప్సిబా ఆ బల్ల దగ్గర ఆగిపోయింది. దూడకి మూడు మెడలుంటాయా మేడమ్, అంది. నవ్వాను. ఆమె నవ్వలేదు.

వాళ్ళింట్లో ఎవరూ రెండు కాళ్ళూ కలిపి చాపుకోరట. చాపితే వాళ్ళమ్మమ్మ మోకాలి మీద ఒక్కటి వేసేదట. బొండలో పెట్టినట్టు ఆ కాళ్ళేంటే, తియ్యి! బొండంటే ఏమిటో మాత్రం ఆవిడ చెప్పలేదట. పారిపోయి దొరికిన పాలేరు కాళ్ళు బిగించే కొయ్య అని హెప్సిబా పెద్దయ్యాక చదివి తెలుసుకుంది. కళ్ళారా చూడటం ఇదే మొదలు.

కన్నాల అంచులు నున్నగా ఉన్నాయి. కొయ్య ఊరికే అరగదు.

ఇదంతా విని ఆకివీడు పిల్ల ఒకతి చెయ్యెత్తింది. వాళ్ళ నాన్న చేపల చెరువు గట్టు మీద కాపలా. ఊరెళ్ళాలంటే ఓనరు గారు ఊఁ అనాలండి, మా అత్త పోయినప్పుడు అన్లేదండి, ఇదీ అదేనాండీ, అంది.

పాఠం అక్కడ మొదలైంది. అట్ట ఓడ వైపు ఎవరూ చూడలేదు.

హారిక కింద కూర్చుని మూడో కన్నంలో కాలు పెట్టబోయింది. నాకు పట్టట్లేదండి, అంది.

డిసెంబర్ 3

గంగరాజు గారొచ్చారు. బడి కమిటీ పెద్ద. ఎంత మర్యాదో! ఏవండీ మేడమ్ గారూ, పిల్లది తెలీక తెచ్చిందండి, ఇచ్చేయండి, పొయ్యిలో పెట్టేస్తాం, అన్నారు. మావాళ్ళు పాలేర్లకి కడుపునిండా అన్నం పెట్టారండి, అన్నారు. కాళ్ళు బిగించి మరీ వడ్డించారా, అన్నాను. హెడ్మాస్టర్ దగ్గాడు. పోనీ దూడకొయ్య అనే ఉంచండి మేడమ్, దూడ వచ్చి కేసు పెట్టదు కదా, అన్నాడు.

కొయ్యని నా క్లాసు బీరువాలో పెట్టి తాళం వేశాను.

డిసెంబర్ 4

హారిక రాలేదు.

డిసెంబర్ 5

ఇంటికొచ్చి సోఫాలో కాళ్ళు చాపాను. రెండూ కలిసి ఉన్నాయి. చూసి, విడదీశాను. మళ్ళీ అవే దగ్గరకొచ్చాయి.

డిసెంబర్ 8

రేపు కమిటీ తాళంచెవి అడుగుతుంది. ఇవ్వను. తిరిగి నేనే ఇవి అడుగుతాను.

చీటీ మీద బొండకొయ్య అనే ఉండాలి.

దాన్ని కాల్చకూడదు.

హెప్సిబా మళ్ళీ పాఠం చెప్పాలి. గంగరాజు గారు పిల్లల పక్కన కూర్చుని వినాలి.

హారికని బడికి పంపాలి.

మూడో కన్నం ఎన్నేళ్ళ పిల్లాడి కాలికి చేయించారో, ఆ కొలత తీసిందెవరో గంగరాజు గారే చెప్పాలి.